బ్రేకు మామ కాలు

గత వారం సంచిక చేతికి అందనివాళ్ళ కోసం, అందినా మరిచిపోయినవాళ్ళ కోసం, ముందు నాలుగు ముక్కలు. రాక్ సంగీతంలో ఏ దశాబ్దం గొప్పదన్న తగువు తేల్చడానికి పాత మునిసిపల్ హాల్లో ఏటా జరిగే పోటీ ఆఖరి ఘట్టానికి వచ్చింది. అరవైల వాళ్ళూ తొంభైల వాళ్ళూ ఓడిపోయి, ప్రేక్షకుల్లో కూర్చుని, మిగిలిన ఇద్దరి మీదా సమానంగా పళ్ళు నూరుతున్నారు. డెబ్బైల తరఫున నిలబడ్డది ఇంతవరకూ ఓటమి ఎరగని మామగారు. ఎనభైల తరఫున నిలబడ్డది, ఆయనతో ఒకే ఇంట్లో ఒకే బల్ల దగ్గర భోంచేసే ఆయన కోడలు.

ఇక్కడ ఓట్లు ఉండవు. ఒకప్పుడు ఉండేవి. ఒక ఏడాది అరవైల నాయకుడు తన అపార్ట్‌మెంటు మొత్తాన్ని, వాచ్‌మన్‌తో సహా, హాల్లో దింపి గెలిచేశాడు. ఆ తగాదా కుర్చీలు విరిగేదాకా వెళ్ళాక పెద్దలు కూర్చుని కాలు పద్ధతి కనిపెట్టారు. నోటికి ఎంత అబద్ధమైనా నేర్పించవచ్చు గాని కాలికి నేర్పించలేం కదా. అందుకని ఒక జట్టు పాట వేస్తుంటే, ఎదుటి జట్టు నాయకుడు బూట్లు విప్పి, వేదిక మీద చెక్క పలకకు పాదాలు ఆనించి కూర్చోవాలి. పలక కింద మైకు ఉంటుంది. పాట దెబ్బకు కాలు పడిందా, పాయింటు పోయినట్టే. చూడటానికి పలక ఎదురుగా ముక్కాలి పీట వేసుకుని, ఫుట్‌బాల్ ఆటల్లో విజిల్ ఊది ఊది రిటైరైన రిఫరీ కూర్చుంటాడు. ఊళ్ళో అందరికీ ఆయన విజిల్ తాత.

కోడలి వంతు పలక మీద అయిపోయింది. మామగారు వేసిన డెబ్బైల పాట ఒక పట్టాన ముగిసేది కాదు. వారమంతా పిల్లలకు డ్రమ్స్ నేర్పే మనిషి, నిద్రలో కూడా కాలు ఆడించే మనిషి, కాలివేళ్ళతో పలకను గిల్లి పట్టుకుని, కింది పెదవి కొరుక్కుని ఎలాగో గట్టెక్కింది. ఇప్పుడు మామగారి వంతు. ఆయన కూడా కదలకపోతే సమానం. సమానమైతే బిరుదు పాతవాళ్ళకే, అంటే డెబ్బైలకే. స్థానిక రేడియోలో ఇక మీదట ఒకే రాక్ కార్యక్రమం ఉంటుందనీ, అది గెలిచిన దశాబ్దానిదేననీ స్టేషన్ మేనేజరు మొహం మీదే చెప్పేశాడు. శుక్రవారం సాయంత్రం రేడియోలో కోడలు నడిపే 'ఎనభైల గంట' కార్యక్రమం ఉంటుందా, ఊడుతుందా అన్నది ఇప్పుడు ఆ ముసలాయన రెండు పాదాల మీద ఆధారపడి ఉంది.

ఆయన బూట్లు విప్పి, మేజోళ్ళు మడతపెట్టి బూట్లలో పెట్టి, పాదాలు పలక మీద ఆనించిన దగ్గర గత వారం ఆపాం. ఇదిగో, ఇంకా అలాగే కూర్చున్నారు.

ఆ పాదాల గురించి ఒక మాట చెప్పాలి. ఉద్యోగమంతా సిటీ బస్సు నడిపిన పాదాలవి. ఎదర కుక్క అడ్డమొచ్చినా, వెనక ప్రయాణికులు తిట్టినా, తన మనసు చెప్పేదాకా బ్రేకు మీద కాలు వేసేవారు కాదు, వేస్తే తీసేవారూ కాదు. అందుకే ఈ హాల్లో ఆయన పేరు బ్రేకు మామ. ఎంతటి పాట వచ్చినా ఆ కాళ్ళు గోడకు కొట్టిన మేకుల్లా ఉండేవి. తొంభైల నాయకుడైతే పోయిన నెల ఆ కాళ్ళను చూస్తూ చూస్తూ ఏడ్చేశాడు.

పాటకు ముందు ఇద్దరూ చెరొక మాట చెప్పాలి. మామగారు మైకు అందుకున్నారు.

"నేను కొత్తగా చెప్పేదేం లేదు. డెబ్బైల్లో నలుగురు మనుషులు ఒక గదిలో నిలబడి వాయించేవాళ్ళు. ఒకడు తప్పు చేస్తే నలుగురూ మళ్ళీ మొదటికొచ్చేవాళ్ళు. ఎనభైల్లో ఏమైంది? మర వాయించింది, మనిషి జుట్టు దువ్వుకున్నాడు. అందుకే నేను ఎనభై రాగానే రేడియో కట్టేశాను. మా కోడలు మంచి పిల్ల. ఇంట్లో ఏ లోటూ రానివ్వదు. చెవులొక్కటే కొంచెం..."

హాలు గొల్లుమంది. మూడో వరసలో తల్లి పక్కన కూర్చున్న మామగారి కొడుకు కూడా నవ్వబోయి, భార్య చూపు తగిలి, దగ్గుగా మార్చుకున్నాడు. కప్పకూ పాముకూ మధ్య వాడి బతుకు పోటీ మొదలైన రోజు నుంచీ అదే.

కోడలు పాటలు వేసే కన్సోల్ వెనక నుంచే మాట్లాడింది.

"మామయ్య చెప్పింది నిజమే. డెబ్బైల్లో అందరూ ఒకే గదిలో ఉండేవాళ్ళు. గిటారాయన సోలో మొదలుపెడితే మిగతా ముగ్గురూ ఆ గదిలోనే ముసలివాళ్ళయ్యేవాళ్ళు."

ఈసారి నవ్వు ఇంకొంచెం పెద్దగా వచ్చింది. మామగారు కూడా నవ్వారు. పాదాలు మాత్రం నవ్వలేదు.

"ఇంకొక్క మాట. డెబ్బైల్లో చెత్త పాటలు రాలేదా? వచ్చాయి, బోలెడు. ఎవరూ దాచుకోలేదు కాబట్టి ఇప్పుడు మనకి కనపడవు. మంచివి మాత్రం మిగిలాయి, చూసి మురిసిపోతున్నాం. ఎనభైల చెత్త ఇంకా మన అలమరాల్లోనే ఉంది. అదొక్కటే తేడా. మర సంగతంటారా, దానికీ ఎవరో ఒక మనిషి నేర్పాలి. ఇప్పుడు నేను వేసే పాటలో మర లేదు. ఈ ఊరి పాటే."

ఊరి పాట అనగానే హాల్లో కలకలం రేగింది. ఏ పాటో అందరికీ తెలిసిపోయింది. 'ఇనుప గేటు' అనే బృందం ఎనభైల నడిమధ్యలో పాడిన 'ఆగిన లిఫ్టు'. ఈ ఊళ్ళో పుట్టి ఆ పాట వినకుండా పెరగడం, వర్షంలో తడవకుండా పెరగడం లాంటిది. పాట మధ్యలో లిఫ్టు రెండు అంతస్తుల నడుమ ఇరుక్కుంటుంది. వాయిద్యాలన్నీ మానేస్తాయి. ఒక్క గిటారు తీగ సన్నగా గీరుతూ, గీరుతూ, చివరికి కీచుమంటుంది. అప్పుడు తాడు తెగినట్టు డ్రమ్స్ ధామ్మని వచ్చి పడతాయి. ఆ దెబ్బ కోసం కారు నడిపేవాళ్ళు కూడా స్టీరింగు వదిలేసి చేతులు గాల్లోకి ఎత్తుతారని ట్రాఫిక్ వాళ్ళ ఫిర్యాదు.

డెబ్బైల జట్టు కార్యదర్శి పళ్ళ డాక్టరు. ఆయన తన పక్కవాడి చెవిలో, "ఇంత తెలిసిన పాటకి మామ కదులుతాడా? పప్పులో కాలేసింది," అన్నాడు. నిజానికి ఆ క్షణాన హాల్లో సగం మంది అభిప్రాయం అదే.

కోడలు పాట వదిలింది.

మొదటి చరణం అయింది. హాల్లో వెయ్యి కాళ్ళు ఆడుతున్నాయి, రెండు తప్ప. విజిల్ తాత పీట మీద ముందుకు వంగి, ముక్కు పలకకు తగిలేంత దగ్గరగా పెట్టుకుని చూస్తున్నాడు. రెండో చరణం కూడా అయింది. మామగారు కిటికీలోంచి బయటి ఎండ చూస్తూ, ఎవరి బస్సు కోసమో ఎదురుచూస్తున్న మనిషిలా ఉన్నారు.

కోడలు నమ్మకమంతా పాట మీద లేదు. డ్రమ్స్ నేర్పేటప్పుడు పిల్లల దగ్గర ఆమె ఒక సంగతి కనిపెట్టింది. వినపడే తాళాన్ని ఆపుకోవచ్చు. బిగబట్టుకుంటే చాలు, అది గోడవతల నుంచి పోతుంది. వినపడని తాళాన్ని ఆపుకోవడమే కష్టం. అందరికీ తెలిసిన పాటలో ఒక చోట ఖాళీ వదిలితే, ఆ ఖాళీని ఒళ్ళు తనంతట తానే పూరించేస్తుంది. మనిషి అడ్డుపడేలోపు పని అయిపోతుంది. పాట వేయాలని నియమం ఉంది గాని, మధ్యలో శబ్దం తగ్గించకూడదని ఏ నియమావళిలోనూ లేదు.

లిఫ్టు ఆగింది. గిటారు తీగ గీరుతోంది. అది కీచుమనడానికి ముందు కోడలు శబ్దం మీట కిందికి లాగేసింది.

పాట నడుస్తూనే ఉంది గాని శబ్దం లేదు. పాట ఎక్కడిదాకా వచ్చిందో ఎవరికి వాళ్ళు లోపల లెక్క పెట్టుకుంటున్నారు. కోడలి కళ్ళు మామగారి పాదాల మీద ఉన్నాయి.

పలక కింద మైకులోంచి 'ఠప్' మని వినిపించింది.

విజిల్ తాత విజిల్ ఊదాడు.

ఆ వెంటనే, రెప్పపాటు తర్వాత, హాలు మొత్తం ఒక్కసారిగా కాలు నేలకేసి కొట్టింది. కిటికీ అద్దాలు గలగలలాడాయి. కోడలు మీట పైకి తోసింది. పాట సరిగ్గా అక్కడే ఉంది, వీళ్ళ దెబ్బ కోసమే ఆగినట్టు. జనం కుర్చీలెక్కేశారు. అరవైల వాళ్ళూ తొంభైల వాళ్ళూ శత్రుత్వం మరిచిపోయి ఒకరి భుజాల మీద ఒకరు చేతులు వేసుకుని గెంతుతున్నారు. వేదిక మీద బ్రేకు మామ మాత్రం తన కుడి మోకాలిని రెండు చేతులా పట్టుకుని, పాదాన్ని గాల్లో ఆపి, పారిపోబోయిన కోడిని పట్టుకున్నట్టు బిగించి కూర్చున్నారు. హాలంతా కొట్టిన పెద్ద దెబ్బకు ఆ పాదం కిందికి రాలేదు. అంతకుముందే వచ్చి పోయింది.

పాట అయ్యాక గాని మాట వినపడలేదు. వినపడ్డ మొదటి మాట పళ్ళ డాక్టరుది.

"అభ్యంతరం. తాత తొందరపడ్డాడు. దెబ్బ పడక ముందే విజిల్ ఊదాడు."

"కాలు పడింది, ఊదాను," అన్నాడు విజిల్ తాత.

"పడింది. పాట దెబ్బకి పడిందా? పెద్ద దెబ్బ తర్వాత వచ్చింది. మామ కాలు దానికంటే ముందు పడింది. దెబ్బ లేనిచోట కాలు పడితే అది తాళం కాదు, దురద. నియమావళి తీసి చూడండి. దురదకి పాయింటు లేదు."

ఇది నిజమే. దురద నియమం ఉంది. పూర్వం ఒక దోమల సీజన్లో పెట్టారు.

తాత విజిల్ చేతిలోకి తీసుకుని చూసుకున్నాడు. ఇన్నేళ్ళలో ఆయన విజిల్‌ను తప్పన్నవాళ్ళు ఉన్నారు గాని, తప్పేమోనని ఆయనే అనుకోవడం ఇదే మొదలు. చివరికి కోడలి వైపు తిరిగాడు. "అమ్మా, రికార్డులో ఆ చోట దెబ్బ ఉందని చూపించు. ఉంటే పాయింటు నీది. లేకపోతే దురద."

కోడలికి ఆ పాట కంఠతా వచ్చు. వందలమంది పిల్లలకు నేర్పింది. పెద్ద దెబ్బకు ముందు ఏమీ లేదు, గిటారు కీచు తప్ప. తను నేర్పిన పాఠం అదే. ఉందని చెప్పి వేస్తే, లేకపోతే, అందరి ముందూ ఓడిపోయినట్టే. ఇప్పుడే దురద అని ఒప్పేసుకుంటే కనీసం సమానంగా, గౌరవంగా ఇంటికి పోవచ్చు.

మామగారు మైకు దగ్గరికి లాక్కున్నారు. గొంతు మెత్తగా ఉంది. "దురదే అమ్మాయ్. వదిలెయ్."

ఆ మాటే ఆమెను నిలబెట్టింది. ఆయన ఎప్పుడూ ఎవరినీ వదిలెయ్యమని అడగలేదు. ఓడిపోతాననుకున్నప్పుడు ఇంకా రెట్టించి వాదించే మనిషి. పైగా, ఆ 'ఠప్' ఆమె చెవుల్లో ఇంకా ఉంది. దురద పుట్టిన కాలు అలా పడదు. దురద కాలు రుద్దుకుంటుంది, జారుతుంది. ఇది మడమ ఆనించి, పెద్ద డ్రమ్ము పెడల్‌ను వేళ్ళతో నొక్కినట్టున్న దెబ్బ. పొట్టిగా, గట్టిగా, పడ్డ వెంటనే వెనక్కి తీసుకున్న దెబ్బ. డ్రమ్స్ నేర్పేవాళ్ళు ఏళ్ళ తరబడి పిల్లల చేత సాధన చేయించినా పదిమందిలో ఒకరికి వచ్చే దెబ్బ.

రికార్డును నమ్మాలా, మామగారి కాలిని నమ్మాలా? ఇరవై ఏళ్ళుగా వింటున్న రికార్డు ఒకవైపు, పొద్దున లేస్తే తగువాడే మామగారు ఒకవైపు. ఆమె కాలినే నమ్మింది.

"వేస్తాను," అంది. "దెబ్బ ఉంది."

పాటను వెనక్కి తిప్పింది. గిటారు ఉండే సన్నటి శబ్దాలన్నీ అడుగుకు దించేసింది. లావు శబ్దాలు ఎంతవరకు పోతే అంతవరకు పైకి తోసింది. స్పీకర్లలోంచి పాట గోనెసంచి కప్పుకున్నట్టు గుయ్యిమంటూ వచ్చింది. లిఫ్టు ఆగింది. గిటారు గీరుతోంది గాని ఈసారి దూరంగా, పక్కింట్లో ఎవరో గీరుతున్నట్టు ఉంది. తర్వాత అందరూ ఆ కీచు కింద చెవులు పెట్టి వెతికారు.

ధుప్.

ధామ్.

చిన్నది ఒకటి, దాని వెంట పెద్దది. పెద్దదాన్ని విసరడానికి ముందు కాలితో కొట్టిన చిన్న దెబ్బ, గిటారు కింద ఇన్నేళ్ళూ ఎవరికీ వినపడకుండా పడి ఉంది.

ఆమె మళ్ళీ వేసింది. ధుప్, ధామ్. ఈసారి హాలు దానితో కలిపి కాలు వేసింది, రెండూనూ. "ఉంది, ఉంది" అని వెనక వరసల నుంచి కేకలు వచ్చాయి. పళ్ళ డాక్టరు నోరు తెరిచాడు, ఆయన రోగులు తెరిచినంత, మళ్ళీ మూసుకున్నాడు. విజిల్ తాత పీట మీద నుంచి లేచి, నడుము పట్టుకుని, తన జీవితంలోకెల్లా పొడుగైన విజిల్ ఊదాడు.

"ఎనభైలు," అన్నాడు.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఆ రెండూ ఒకే చోట, ఒకే దెబ్బకు గెలవొచ్చని వాళ్ళకు తోచి ఉండదు. జనం కోడలిని కన్సోల్ వెనక నుంచి ఎత్తి వేదిక మీదికి తెచ్చేశారు. తొంభైల నాయకుడు మళ్ళీ ఏడుస్తున్నాడు, ఈసారి సంతోషంతో. స్టేషన్ మేనేజరు మైకు పుచ్చుకుని శుక్రవారం గంట ఎనభైలదేననీ, గంట కాదు, ఇక మీదట గంటన్నరనీ ప్రకటించాడు. ఆ అరగంట ఎక్కడి నుంచి వచ్చిందో ఆయనకూ తెలియదు. ఊపులో వచ్చేసింది. భర్త వరస దాటుకుని పరుగెత్తుకొచ్చి, తాను మొదటి నుంచీ ఎనభైలేనని చెప్పబోయి, ఆమె మొహం చూసి ఊరుకుని, గట్టిగా కావలించుకున్నాడు. ఆమె నవ్వింది. కళ్ళ నీళ్ళు కారుతున్నా తుడుచుకోకుండా నవ్వింది. ఆ పోటీ మొదలైనప్పటి నుంచీ ఆమె పాటలను డబ్బా పాటలన్న ప్రతివాడి ఇంట్లోనూ వచ్చే శుక్రవారం అవే మోగుతాయి. అంతకంటే ఏం కావాలి?

కానీ ఆమె డ్రమ్స్ టీచరు కూడా. చప్పట్ల మధ్యలోనే లెక్క తప్పిన విద్యార్థిని చూసినట్టు ఒక సంగతి ఆమెను పట్టుకుంది. హాలంతా పెద్ద దెబ్బకే కాలు వేసింది, ఎందుకంటే వాళ్ళు విన్నది అదే. చిన్న దెబ్బ రికార్డులో ఎవరికీ వినపడదు. తనకే వినపడలేదు. వింటే తెలిసే దెబ్బ కాదది. వాయిస్తేనే తెలుస్తుంది.

ఆమె జనాన్ని తప్పించుకుని పలక దగ్గరికి వెళ్ళింది. మామగారు వంగి మేజోళ్ళు తొడుక్కుంటున్నారు. ఒకటి తిరగేసి తొడిగారు. ఎప్పుడూ అలా చేసే మనిషి కాదు.

"మామయ్యా."

"గెలిచావు కదమ్మాయ్. బాగా గెలిచావు." ఆ మాటలో కపటం లేదు. తల మాత్రం ఎత్తలేదు. "నా కాలిని నమ్మావు చూడు, అది బాగుంది. ఇంకేం అడగకు."

"ఆ పాటకి డ్రమ్స్ వాయించింది మీరేనా?"

ఆయన బూటు లేసు లాగారు. ముడి పడలేదు. మళ్ళీ లాగారు.

పలక కింద మైకు ఎవరూ ఆపలేదు. ఆమె అడిగిన మాట హాలంతా వినిపించింది. చప్పట్లు వెనక వరసల నుంచి ముందు వరసల దాకా ఒక్కొక్కటే ఆగిపోయాయి. రికార్డు అట్ట మీద డ్రమ్స్ దగ్గర ఎవరి పేరుందో ఆ హాల్లో అందరికీ తెలుసు. ఆ పేరున్న మనిషి పెద్ద ఫొటో రేడియో స్టేషన్ మెట్ల దగ్గర కూడా ఉంది. అది బ్రేకు మామ ఫొటో కాదు.

మూడో వరసలో అత్తగారు లేచి నిలబడ్డారు. పోటీ మొదలైనప్పటి నుంచీ భర్త వైపు గాని, కోడలి వైపు గాని ఒక్క మాట మాట్లాడని మనిషి.

"చెప్పండి," అన్నారు. "ఇన్నేళ్ళు బిగబట్టారు. కాలే చెప్పేశాక ఇంకా నోరెందుకు మూసుకుంటారు? మీరు వాయించిన దానికి ఆ అట్ట మీద మీ తమ్ముడి పేరు ఎందుకు వేయించారో, వాడు మన గడప ఎందుకు తొక్కడో, అది కూడా చెప్పండి."

కోడలు భర్త వైపు తిరిగింది. అతను తల్లి వైపు చూస్తున్నాడు. మెట్ల దగ్గర ఆ ఫొటో పక్క నుంచి వారం వారం ఎక్కి దిగుతున్న ఆమెకు గాని, ఆ ఇంట్లో పుట్టి పెరిగిన అతనికి గాని, మామగారికి ఒక తమ్ముడున్నాడని ఆ క్షణం దాకా తెలియదు.